కౌసల్య మొఖం

బుధవారం మధ్యాహ్నం, అన్నం వేళ, ముప్పై ఆరేళ్ల తర్వాత చంద్రయ్య తన భార్య ముఖం చూశాడు.

నాచారంలో మందుల డబ్బాలు అచ్చువేసే కంపెనీ అది. కాగితాల గోదాము వెనక రేకుల నీడన, సిమెంటు అరుగు మీద కూర్చుని, అక్కడే పనిచేసే నిస్సీ తను పెన్సిల్‌తో గీసిన బొమ్మ షీటు విప్పి ఆయన ముందు పరిచింది. చంద్రయ్య చేతిలో సగం తిన్న జొన్నరొట్టె అట్లాగే ఉండిపోయింది. నోట్లో ఉన్నది నమలడం కూడా మరిచిపోయాడు.

"గిదే," అన్నాడు. "గిదే బిడ్డా. గిదే నా కౌసల్య."

కళ్ళనీళ్లు కారి తెల్లమీసంలో ఇంకాయి. రొట్టెను టిఫిన్ మూతలో పెట్టి, రెండు చేతులూ అంగీకి తుడుచుకుని, షీటును అంచుల దగ్గర పట్టుకుని దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నాకియ్యి. ఇంటికి తీస్కపోత. నా బిడ్డ త్రివేణికి సూపిస్త."

నిస్సీ ఇవ్వలేదు.

"జర ఆగు కాకా. ఎడమ కన్ను కొంచెం మీదికున్నది సూడు. దవడ గూడ చెవి దగ్గర సరిగ కూసోలేదు. ఆదివారం నాటికి మంచిగ జేసి ఇస్త."

"ఆమె కన్నే గట్ల ఉంటుండె బిడ్డా."

"నువ్వు గట్లనే అంటవ్. నాకు తప్పు కనిపిస్తున్నది గద కాకా."

చంద్రయ్య షీటు అంచులు వదిలాడు. చదువుకున్న పిల్ల, ఆమెకు తెలియదా అనుకున్నాడేమో. నిస్సీ షీటు చుట్టి గొట్టంలోకి దింపి మూత పెట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

తప్పు కనిపించడమే నిస్సీ ఉద్యోగం. డబ్బాల మీద అచ్చు మొదలవకముందే నమూనా షీటు ఆమె బల్ల మీదికి వస్తుంది. ఎగిరిపోయిన చుక్క, వెంట్రుక వాసి పక్కకు జరిగిన గీత, ఒక ఛాయ తగ్గిన నీలం, అన్నీ పట్టుకుంటుంది. "నిస్సీ సంతకం పెట్టిందంటె ఇంక నేను సూడ," అంటాడు సూపర్‌వైజర్ ఉమామహేశ్వర్. ఆ కన్ను సాయంత్రం ఆమెతోపాటే చిల్కానగర్ ఇంటికి వచ్చేది. బొమ్మల కాలేజీలో రెండేళ్లు చదివి, తండ్రి సంజీవరావు పోయాక మానేసి ఈ పనిలో చేరింది. చేరి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ దాదాపు ప్రతి సాయంత్రం బొమ్మ వేసింది. ఒక్కటి కూడా ఎవరి చేతిలోనూ పెట్టలేదు. పూర్తికాని బొమ్మను ఫోనులో ఫోటో కూడా తీయదు. తప్పుతో ఉన్నది ఎక్కడో ఒకచోట మిగిలిపోయిందంటే ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది ఆమెకు.

చంద్రయ్య గోదాములో షీట్లు లెక్కపెట్టి కట్టలు కట్టే మనిషి. జనగామ దిక్కు నుంచి పాలుతాగే కూతురిని ఎత్తుకుని వచ్చి, అప్పటినుంచీ నాచారంలోనే ఉన్నాడు. అచ్చు చెడిన అట్టల్ని వెనకవైపు తెల్లగా ఉంటే నిస్సీ కోసం పక్కన పెట్టేవాడు. ఎండాకాలంలో ఒకనాడు అట్టలు ఇస్తూ అడిగాడు: "మనిషిని సూడకుండ బొమ్మ ఎయ్యొస్తదా బిడ్డా?"

కౌసల్య ఇరవై రెండేళ్లకు, కాన్పులో పోయింది. ఒక్క ఫోటో లేదు. ఆమె తల్లీతండ్రీ పోయారు. తమ్ముడు అప్పటికి నాలుగేళ్లవాడు, అక్క ముఖం వాడికేం గుర్తు! పుట్టిన పిల్లేమో మొత్తంగా చంద్రయ్య తల్లి పోలిక. అంటే కౌసల్య ముఖం ఈ భూమ్మీద ఒక్క చంద్రయ్య తలలోనే ఉంది. "మొన్న త్రివేణి అన్నది, అమ్మ ఎట్లుంటదో తెల్వకుండనే నేను ముసలిదాన్నయితున్న నాయినా అని. నాకు ఆనాటి సంది నిద్ర పడతలేదు," అన్నాడు.

నిస్సీ ఒప్పుకుంది. ఆయన చెప్పేవాడు, ఆమె గీసేది. ముక్కు ఎట్లా, గడ్డం ఎట్లా అని అడిగితే ఆయనకు జవాబు వచ్చేది కాదు. వేరేవి చెప్పేవాడు. "నవ్వితె ముందల కండ్లు నవ్వుతుండె, ఎనక నోరు." "బస్సు హారన్ ఇనవడ్డదంటె గడ్డం పైకెత్తి సూస్తుండె, ఎవరొచ్చిన్రో అని." "నా మీద కోపమొస్తె సూపు తిప్పకుండ, రెప్ప కొట్టకుండ సూస్తుండె. నాకే తల దించుకోవాల్సొచ్చేది." ఆరు బొమ్మలు చూసి తల అడ్డంగా ఊపాడు. ఏడోది, ఆ బుధవారం నాటిది.

ఆ సాయంత్రం నిస్సీ ఎడమ కన్ను కింది రెప్ప మాత్రం సరిచేద్దామని కూర్చుంది. రెప్ప దించేసరికి కనుబొమ్మ పొసగలేదు. కనుబొమ్మ మారిస్తే ముక్కు మొదలు వంకరగా కనిపించింది. వాళ్ళమ్మ లూర్దమ్మ అన్నానికి పిలిచేసరికి ముఖం మొత్తం పోయింది, రబ్బరు రాకిడికి కాగితం మధ్యలో నూగు లేచింది. నిస్సీకి బాధ కలగలేదు. కొలతలన్నీ చేతిలోనే ఉన్నాయి, కొత్త షీటు మీద ఇంకా బాగా వస్తుందనుకుంది.

గురువారం పొద్దున గేటు దగ్గరే ఎదురొచ్చాడు చంద్రయ్య. "నిన్న ఈడికెల్లే త్రివేణికి ఫోన్ జేసి చెప్పిన. అమ్మ దొరికింది బిడ్డా అని. అది ఫోన్లనే ఏడ్చింది," అని నవ్వాడు. నిస్సీ కూడా నవ్వి లోపలికి పోయింది. తుడిచిన సంగతి చెప్పలేదు. ఆదివారానికి ఉంటుంది కదా అనుకుంది.

శనివారం ఆమె వచ్చేసరికి గోదాము తలుపు వేసే ఉంది. లోడింగ్ చేసే సురేష్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"చంద్రయ్య కాక పడిపోయిండు అక్కా. పొద్దుగాల తానం జేస్తుంటె. కుడి పక్క మొత్తం పడిపోయిందంట. దవాఖానాల ఉన్నడు."

"మాట్లాడుతుండా?"

"మాట పోయిందంట."

నిస్సీ లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. నమూనా షీటు వచ్చింది. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ కలిసి మాట కావడం లేదు. తలలో ఒకటే మాట తిరుగుతోంది: ఆ ముఖం ఎరిగిన ఒకే ఒక్క మనిషికి ఇక మాట లేదు. అది కుదిరిన ఒకే ఒక్క కాగితాన్ని నేను తుడిచేశాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ రోజు ఆమె చూడకుండానే షీటు మీద సంతకం పెట్టింది. పెట్టానని కూడా ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నం ఉమామహేశ్వర్ షీటు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏమైందమ్మా? తేదీ గడి తలకిందులున్నది," అంటే తెలిసింది.

నాలుగు రోజులకు త్రివేణి వచ్చింది. పోచారంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్లో వంటపని చేస్తుంది. అక్కడినుంచి దవాఖానాకు, దవాఖానా నుంచి ఇంటికి తిరుగుతున్న మనిషి. జుట్టు రేగి ఉంది, కళ్ళ కింద నల్లగా ఉంది. సురేష్‌ను అడిగి అడ్రసు కనుక్కున్నట్టుంది. లూర్దమ్మ కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది.

"నాయిన మా మాటలు ఇంటున్నడు, సమజైతున్నట్టే ఉన్నది," అంది త్రివేణి. "నోట్లకెల్లి మాత్రం ఒక్కటే మాట. పోదాం. నీళ్లియ్యాలన్నా పోదాం, కాలు నొస్తున్నా పోదాం. డాక్టర్ అన్నడు, కొందరికి గట్ల ఒక్క మాటనే మిగులుతదంట. అమ్మ బొమ్మ కండ్ల ముందల పెడితె జర నిమ్మలమైతడేమో అని వచ్చిన. ఇయ్యి నిస్సీ. అయిపోకున్నా మంచిదే."

నిస్సీ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియదు.

"తుడిచేసిన అక్కా."

"ఏం తుడిచినవ్?"

"బొమ్మ. మొఖం. బుధవారం నాడే. కన్ను సరిగ లేదని..."

త్రివేణికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. ముఖంలో రంగు పోవడం నిస్సీ కళ్ళారా చూసింది.

"నాయిన గిదే అన్న తర్వాత తుడిచినవా?"

నిస్సీ తల ఊపింది.

"మా అమ్మను తుడిచినవా నువ్వు?"

వంటింటి గుమ్మంలో లూర్దమ్మ ఛాయ్ గ్లాసులతో నిలబడిపోయింది. తర్వాత మాట్లాడింది ఆమే. గొంతు పెద్దది చేయలేదు.

"వాళ్ళ నాయిన్ని గూడ తుడిచింది బిడ్డా. నాలుగుసార్లు. నాలుగు బొమ్మలు నేను సూసిన. నాలుగూ ఆయనే. పొద్దుగాల లేసి సూస్తె తెల్లకాయిదం."

నిస్సీ తల్లి వైపు తిరిగింది. తండ్రి బొమ్మలు మొదలుపెట్టిందీ తుడిచిందీ తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్లూ. అమ్మ పొద్దున్నే లేచి ఆ అట్ట దగ్గరికి వెళ్లేదని, ఆయన ముఖం కోసం చూసేదని, నాలుగుసార్లు వెతుక్కుని వెనక్కి వచ్చిందని ఇప్పుడే వింటోంది. "అమ్మా," అంది.

త్రివేణి నీళ్ల గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు నిస్సీ పనికి పోలేదు. ఆ పాడైన షీటును కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. వెలుగు పక్కనుంచి పడితే పెన్సిల్ నొక్కిన లొట్టలు కనిపిస్తాయి. ముక్కు లేదు, నోరు లేదు, నూగు కింద అన్నీ కలిసిపోయాయి. ఎడమ కన్ను మాత్రం ఉంది. గట్టిగా నొక్కి గీసిన పై రెప్ప, పక్కన కనుగుడ్డు అంచు. అవును, కొంచెం పైకే ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. బుధవారం నాడు తనకు అది కొలత తప్పిన కన్నుగా కనిపించింది. ఇప్పుడు ఆ ఒక్క కన్నూ రెప్ప కొట్టకుండా, చూపు తిప్పకుండా తనవైపు చూస్తోంది. చంద్రయ్య తల దించుకునేది ఈ చూపుకే. ఏడుపు కూడా రాలేదు, దెబ్బలు తిన్న మనిషి లెక్క నిస్సీ గోడకు ఆనుకుని కూర్చుంది. తప్పులన్నీ పట్టుకునే తన కన్నుకు కుదిరినది ఎదురుగా ఉంటే కనిపించలేదు.

ఏడో రోజు చంద్రయ్యను ఇంటికి పంపించారు. నిస్సీ ఆదివారం పొద్దున ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటో ఎక్కి నాచారం వెళ్ళింది. చెరువు దిక్కు సందులో రెండు గదుల ఇల్లు. త్రివేణి తలుపు తీసి, ఆమె సంకలో ఉన్న అట్టను చూసి పక్కకు తప్పుకోలేదు.

"ఎందుకొచ్చినవ్?"

"మళ్ళ ఏస్త అక్కా. కాక చెప్పినవన్ని నాకు గుర్తున్నయ్."

"ఏసి?"

"నీకిస్త."

"ఎప్పుడు? వచ్చే ఏడాదా?"

లోపలినుంచి "పోదాం," అని వినిపించింది. అది చంద్రయ్య గొంతే, కానీ నీళ్లలోంచి వచ్చినట్టుంది. త్రివేణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"రబ్బర్ ఇటియ్యి."

"ఏంది?"

"నీ తాన ఎన్ని రబ్బర్లుంటె అన్ని ఇయ్యి. ఈడనే, నా ముందల కూసొని ఎయ్యి. ఎట్లొస్తె అట్ల. ఏసి ఈడనే పెట్టిపో."

నిస్సీ సంచిలోంచి రబ్బర్లు మూడూ తీసి ఇచ్చింది. త్రివేణి వాటిని కొంగున ముడివేసుకుంది.

చంద్రయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నోరు ఒకవైపు జారింది. నిస్సీని చూడగానే ఎడమ చెయ్యి లేపి, "పోదాం, పోదాం," అన్నాడు. రమ్మన్నాడో, పొమ్మన్నాడో తెలియలేదు. ఆమె నేల మీద మఠం వేసుకుని అట్ట ఒళ్ళో పెట్టుకుంది. మొదటి గీత పడగానే తప్పని తెలిసింది. దవడ లావైంది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి పక్కన నేల మీద రబ్బరు కోసం తడిమింది. సిమెంటు తగిలింది.

తప్పు గీత అక్కడే ఉంది, పోదు. ఇంక దాంతోపాటే ముందుకు పోవాలి. దవడ లావైతే మనిషి కొంచెం మొండిది అయింది. మొండిదైతే గడ్డం ఇంకొంచెం పైకి లేవాలి. బస్సు హారన్ వినపడ్డప్పటిలా లేపింది. మెడ పొడవైంది. జుట్టును చెవిమీదికి తెచ్చింది. కన్ను దగ్గరికి వచ్చేసరికి కొలత చూడలేదు, చంద్రయ్య చెప్పింది విన్నట్టుగా గీసింది. ముందల కండ్లు, ఎనక నోరు. త్రివేణి అన్నం వండి, తండ్రికి తినిపించి, మూతి తుడిచింది. కుక్కర్ చప్పుడు, సందులో కూరగాయల బండి మైకు, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. తల ఎత్తేసరికి గంటన్నర అయింది.

అది ఏడో బొమ్మ కాదు. నిస్సీకి ఆ సంగతి వెంటనే తెలిసింది. కానీ కాగితం మీద ఉన్నామె ఎవరో ఒకామె, బతికున్న మనిషి. తన చేతినుంచి అట్లాంటిది ఎప్పుడూ రాలేదు. భయం వేసింది చూస్తే.

లేచి చంద్రయ్య ముందు పెట్టింది. త్రివేణి మంచం పట్టె మీద చేయి వేసి తండ్రి ముఖమే చూస్తోంది.

చంద్రయ్య చూశాడు. చాలాసేపు చూశాడు. మంచిగున్న కన్నులోనూ, జారిన కన్నులోనూ నీళ్లు తిరిగాయి. "పోదాం," అన్నాడు. ఎడమ చెయ్యి ముందుకు చాచి, బొటనవేలు బొమ్మ చెంప మీద పెట్టి, మెల్లగా కిందికి రుద్దాడు.

"కాకా, పెన్సిల్!" అని నిస్సీ కేక వేయబోయింది. ఆయన వేలు చెంప మీదినుంచి దవడ దాకా వెళ్ళింది. పెన్సిల్ పొడి నల్లటి చారగా సాగింది. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ. ముద్దు చేస్తున్నాడా, లేక లావైన దవడను సరిచేస్తున్నాడా? ఈమె కాదు, తుడిచెయ్యి అంటున్నాడా? నిస్సీ త్రివేణి వైపు చూసింది. త్రివేణి నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"నాయినా, అమ్మనేనా?"

"పోదాం."

"అమ్మ కాదా?"

"పోదాం," అన్నాడు చంద్రయ్య, అదే గొంతుతో, చెయ్యి బొమ్మ మీదినుంచి తీయకుండా.

ఇద్దరూ ఆ మంచానికి అటూ ఇటూ అట్లాగే నిలబడిపోయారు. అడగడానికి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

చివరికి త్రివేణి షీటును ఆయన వేళ్లకింద నుంచి మెల్లగా తీసుకుంది. నిస్సీ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వచ్చింది. ఆ నల్ల చార కొంచెం తీసేస్తే... త్రివేణి షీటును గుండెలకు అదుముకుంది.

"మా నాయిన రుద్దిండు. గిట్లనే ఉంటది," అంది.

"అమ్మ అవునో కాదో..."

"అది నాకు తెల్వదు, నీకు తెల్వదు. నువ్వు బుధవారం నాడు ఇచ్చి ఉంటె తెలుస్తుండె." గొంతు గట్టిగానే ఉంది. కాసేపటికి అదే గొంతుతో, "అన్నం తిని పో. ఒంటిగంటయింది," అంది.

నిస్సీ తిన్నది. పచ్చిపులుసు ఎంత పుల్లగా ఉందో, కళ్ళలోకి నీళ్లు వచ్చాయి.

తర్వాతి ఆదివారం కూడా వెళ్ళింది. ఆ పై ఆదివారం కూడా. చంద్రయ్యనే గీసింది ఇక, జారిన నోటితో, పెరిగిన గడ్డంతో. గీసినది గీసినట్టు తేదీ వేసి త్రివేణి చేతికిచ్చి వచ్చింది. ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. త్రివేణి వాటిని బీరువా పక్కన గోడకు అతికించింది. ఒకనాడు ఆరు బొమ్మలు వరసగా చూసి నిస్సీకే గుండె ఝల్లుమంది. మొదటి దాంట్లో తన గీత భయపడుతూ, అడుగడుగునా ఆగి ఆగి నడిచింది. ఆరో దాంట్లో నుదుటి మీద ముడతలు రెండే గీతల్లో పడ్డాయి. ఆ రెండు గీతలు తను ఎప్పుడు నేర్చుకుంది? తొమ్మిదేళ్లు కూర్చున్నా రానిది ఆరు ఆదివారాల్లో ఎట్లా వచ్చింది? గోడ ముందు నోరు తెరుచుకుని నిలబడింది.

ఇంట్లో లూర్దమ్మ తోటకూర తెంపుతుంటే అరగంటలో ఆమెను గీసింది. లూర్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ముక్కు ఇంత పెద్దగున్నదా నాకు?" అంది. "ఉండనీ అమ్మా," అంది నిస్సీ. లూర్దమ్మ ఆ షీటు ఎత్తుకుపోయి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. తండ్రి బొమ్మ సంగతి ఆమె ఎత్తలేదు. నిస్సీకి ఇంకా ధైర్యం చాలలేదు.

చంద్రయ్య సంక్రాంతి దాటాక పోయాడు. కౌసల్య బొమ్మ మంచానికి ఎదురుగా గోడ మీదే ఉంది అప్పుడు. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్ళిపోయాక, త్రివేణి గడపలో కూర్చుని నిస్సీని పక్కకు పిలిచింది.

"నన్ను గూడ ఒకటి ఎయ్యి," అంది. "మా అమ్మ కంటె పద్నాలుగేండ్లు పెద్దదాన్నయిన నేను. ఎట్లున్ననో సూసుకుంట."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. జుట్టు దువ్వుకొనా?"

"వద్దక్కా," అంది నిస్సీ. "అట్లనే కూసో."